ప్రకాశం గారి చెవికి పరీక్ష

కోతపండుగ ఆదివారం నాడు ప్రకాశం గారి కార్యక్రమంలో తికమకేమీ లేదు. ఆరాధన, వేలంపాట, ఆ తర్వాత అల్లుడి పొగరు అణచడం, ఆపైన బిర్యానీ.

అల్లుడు విజయ్ కిందటి నెల కొత్త ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాడు. కొంటే కొన్నాడు, ఊరుకోవచ్చుగా. "మీ పాతదానికీ దీనికీ సౌండ్‌లో తేడా ఏం లేదు మావయ్యగారూ, అంతా మన భ్రమ" అన్నాడు. ప్రకాశం గారిదీ ఎలక్ట్రిక్ గిటారే గానీ నలభై ఏళ్లు దాటినది, బిలాస్‌పూర్‌లో ఒక ఆంగ్లో ఇండియన్ ఇంజన్ డ్రైవరు దగ్గర కొన్నది. స్టేషన్ మాస్టరుగా ఉన్నప్పుడూ, రిటైరయ్యాకా, రాయ్‌పూర్ తెలుగు చర్చిలో ఆయన వాయించేది దాన్నే.

"కలప ఎండేకొద్దీ నాదం పండుద్దయ్యా. తీగల కింది అయస్కాంతం కూడా వయసొచ్చి మెత్తబడుద్ది. నీది స్టీలు గిన్నె మీద గరిటె కొట్టినట్టుంటది" అన్నారాయన.

"అయితే కోతపండుగ నాడు చర్చిలో తెర వెనకాల రెండూ నేనే వాయిస్తా. ఏది ఏదో మీరు చెప్పండి. బస్, తేలిపోద్ది."

మాటా మాటా పెరిగింది. ఓడితే పాత గిటార్ గోడకెక్కాలి, చర్చిలో ఆయన కుర్చీ అల్లుడిది. సరేనన్నారు గానీ, ఆ క్షణం నుంచి ప్రకాశం గారికి గుండెల్లో రాయి పడింది. ఈ మధ్య ఆయనకు కుక్కర్ విజిలే సరిగ్గా వినపడడం లేదు. ఆ సంగతి భార్య గ్రేసమ్మకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

కోతపండుగకు సంఘస్తులు గుమ్మడికాయలూ, కోళ్లూ, బియ్యం బస్తాలూ తెచ్చి బలిపీఠం పక్కన పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. వంటల దగ్గరికి పోతూ గ్రేసమ్మ, పిల్లలు తొక్కుతారేమోనని, భర్త గిటార్ ఉన్న ట్రంకుపెట్టె లాంటి నల్ల పెట్టెను గుమ్మడికాయల పక్కన జాగ్రత్తగా ఆనించింది. ఆ జాగ్రత్తే కొంప ముంచింది.

వేలం వేసే సంఘపెద్ద సూరిబాబుకు ఒక నియమం ఉంది. బలిపీఠం పక్కన ఉన్నదంతా కానుకే, మూసి తెచ్చిన కానుకను విప్పి చూడకూడదు. ఆ సమయంలో ప్రకాశం గారు బయట చెట్ల కింద పచార్లు చేస్తూ ప్రార్థించుకుంటున్నారు. విజయ్ తెర వెనక స్పీకరు బిగిస్తున్నాడు. వేలం ముగిశాక అతను పాత గిటార్ కోసం ఇవతలికి వచ్చాడు.

"ఇక్కడ నల్ల పెట్టె ఉండాలి కదండీ?"

"అదా, తిల్దా ఊరి నుంచొచ్చిన దుర్గారావు పాడుకున్నాడు. ట్రైన్ టైమైందని జల్దీ జల్దీ ఎల్లిపోయాడు బాబూ" అన్నాడు సూరిబాబు తృప్తిగా.

విజయ్‌కి ముందు మావగారే గుర్తొచ్చారు. ఆయన గుండెకు రెండు స్టెంట్లు ఉన్నాయి. భార్య జెస్సీని స్కూటీ మీద స్టేషనుకు తరిమి, ఆమె వచ్చేదాకా ఎలాగోలా నెట్టుకు రావాలని తెర వెనక్కి దూరాడు. మొదటిసారి తన కొత్త గిటార్ వాయించాడు. కాసేపు ఆగి, పెట్టె మూత తీసినట్టు చప్పుడు చేసి, రెండోసారీ దాన్నే వాయించాడు.

తెర ఇవతల ప్రకాశం గారు కళ్లు మూసుకుని కూర్చున్నారు. జనమంతా ఆయన నోటివైపే చూస్తున్నారు. ఆయనకు చెమటలు పట్టాయి. చివరికి నెమ్మదిగా అన్నారు, "రెండూ ఒకటే."

ఆయన ఓడిపోయారనుకుని గ్రేసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతలో తెర తొలగించుకుని విజయ్ వచ్చి మావగారి కాళ్ల మీద పడ్డాడు.

"క్షమించండి మావయ్యగారూ. రెండుసార్లూ నాదే వాయించాను. మీది వేలంలో పోయింది."

చప్పట్లు మోగాయి గానీ, ప్రకాశం గారికి ఆఖరి మాటే వినిపించింది. ఆయన ఛాతీ పట్టుకునే లోపే, జెస్సీ వెనక దుర్గారావు లోపలికి వచ్చాడు. చేతుల్లో గిటార్ ఉంది, పెట్టె లేదు.

"మా ఆవిడ పట్టుచీరలకు పనికొస్తదని కొన్నానండీ. ప్లాట్‌ఫారం మీద తెరిస్తే లోపల ఎవరిదో సామాను" అన్నాడు నొచ్చుకుంటూ. "ఇది తీసుకోండి. పెట్టె మాత్రం నాదే."

ప్రకాశం గారు గిటార్‌ను గుండెకు హత్తుకుని పసిపిల్లాడిలా ఏడ్చేశారు. ఆ రోజు బిర్యానీ ఆయన రెండుసార్లు వడ్డించుకున్నారు.

దేవేంద్ర నగర్‌లోని ఇంటికి తిరిగి వెళ్తూ, ఆటోలో గ్రేసమ్మ ఆయన చెవి దగ్గరకు వంగింది.

"ఏవండీ, అంత బారీక్‌గా విని ఎలా కనిపెట్టారు?"

"కనిపెట్టడమా నా మొహం. నాకు తేడా ఏం తెలీలేదు గ్రేసూ. అబద్ధం ఆడలేక ఉన్నమాట చెప్పేశా."

అప్పటినుంచి రాయ్‌పూర్ తెలుగువాళ్లలో ఎవరు గిటార్ కొనాలన్నా ముందు ప్రకాశం గారికి వినిపించాకే కొంటున్నారు.