నిర్ణీత నమూనాలో కల

ఇకమీదట సిబ్బంది అందరూ తాము కన్న కలను మర్నాడు ఉదయం పదకొండు గంటలలోపు నిర్ణీత నమూనాలో, మూడు ప్రతులలో సమర్పించవలసి ఉంటుందని నీటి సరఫరా శాఖ సంచాలకులవారు ఉత్తర్వు జారీ చేశారు. కల రానివారు తగిన కారణం జతపరచాలి. సెలవులో ఉన్నవారు సెలవులోనే కల కని తపాలాలో పంపాలి. కలలో పై అధికారులు కనిపించిన పక్షంలో వారు హోదా క్రమంలోనే కనిపించి ఉండాలి.

ఉత్తర్వు ఊరికే పుట్టలేదు. ఆఫీసులో అందరూ పెద్దసారు అని పిలుచుకునే సంచాలకులవారికి అంతకుముందు ఏడాది తాను మెట్లెక్కుతున్నట్టు కల వచ్చింది. వారం తిరక్కుండా పదోన్నతి వచ్చింది. ఆ మెట్లన్నీ తనకంటే సీనియర్ల వీపులేనన్న సంగతి కలలో అంత స్పష్టంగా కనిపించలేదు కాబట్టి ఆయన దాన్ని శుభసూచకంగానే స్వీకరించారు. తర్వాత కలల సద్వినియోగం మీద మూడు రోజుల శిక్షణకు వెళ్ళి, ఒక చేతిసంచీతోనూ ఒక ధ్రువపత్రంతోనూ తిరిగొచ్చి, సిబ్బందిని హాల్లో కూర్చోబెట్టి ఉపన్యసించారు.

"మనిషి జీవితంలో మూడో వంతు నిద్రలో పోతోంది. మన శాఖలో ఇంకాస్త ఎక్కువే పోతోంది. ఇంత పెద్ద వనరు వృథా కావడాన్ని నేను సహించను!"

సిబ్బంది చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడుకి మెలకువ వచ్చినవాళ్ళు కూడా కొట్టారు.

కొట్టనివాడు ఒక్క ఓవర్సీరే. ఆయన జేబులో ఎప్పుడూ కొలత టేపు ఉంటుంది కాబట్టి అందరూ ఆయన్ని టేపుగారు అంటారు. ట్యాంకులు, గొట్టాలు, వాల్వులు చూసుకోవడం ఆయన పని. పగలంతా నిచ్చెనలెక్కి దిగే మనిషికి పడుకోగానే మొద్దునిద్ర. కలన్నది ఆయన ఎరగడు. మొదటి వారం ఆరు నమూనాల్లోనూ "కల రాలేదు, కారణం: నిద్ర" అని నిజాయితీగా రాసిచ్చాడు. ఏడో రోజున మెమో వచ్చింది. కలలు కనడంలో అలసత్వం వహించినందుకు చర్య ఎందుకు తీసుకోరాదో తెలపాలట.

"మీకేం పోయేకాలం అన్నయ్యగారూ?" అంది తపాలా గుమాస్తా. కలల కాగితాలన్నీ ఆవిడ బల్ల మీదుగానే వెళ్తాయి. "పెద్దసారు ఏనుగెక్కినట్టు పందొమ్మిది మందికి కలొచ్చింది. అందులో ఏడుగురికి ఒకే ఏనుగు. జీపు డ్రైవరుకి కొత్త జీపు కలలో కనబడితే మూడో రోజుకి మంజూరైంది. టైపిస్టుకి ఇంటి పక్క ఆఫీసులో కూర్చున్నట్టు కలొచ్చింది. బదిలీ కాగితాలు రెడీ. మీరు చూస్తే నిద్రొచ్చిందని రాస్తారు!"

టేపుగారి చెవిలో ఒక్క ముక్కే పడింది. మూడో రోజుకి మంజూరైంది.

ఆయన పంపిన నివేదికలు పదకొండు, మూడేళ్ళుగా రికార్డు గదిలో పడున్నాయి. ప్రాథమిక పాఠశాల ఆటస్థలం పక్కనున్న పాత ట్యాంకుకి ఎనిమిది కాళ్ళు. బడి వైపు మూడో కాలికి పగులుంది. మొదటి నివేదికనాటికి అందులో గోరు పట్టేది. ఆరో నివేదికనాటికి పెన్సిలు పట్టింది. పదకొండో దానికి చిటికెనవేలు పట్టింది. ప్రతి నివేదికకూ జవాబు మాత్రం తు.చ. తప్పకుండా ఒకటే: పరిశీలనలో ఉంది. చివరికి ఆయనే ఎవరికీ చెప్పకుండా వాల్వు తిప్పి, ట్యాంకు సగానికి మించి నిండకుండా చూసుకుంటున్నాడు.

ఆ బడిలోనే ఆయన భార్య రెండో తరగతి టీచరు. ఆవిడ తరగతిలో నలభై ముగ్గురు పిల్లలు. ట్యాంకు కారే చోట బురద బాగుంటుంది కాబట్టి, ఎన్నిసార్లు కసిరినా వాళ్ళు మూడో కాలు దగ్గరే ఆడతారు.

అందుకని టేపుగారు మర్నాడు జీవితంలో మొదటిసారి అబద్ధం రాశాడు. నిండు ట్యాంకు విరిగి బడి మీద పడినట్టు కల వచ్చిందని, మూడు ప్రతుల్లో.

ఆ కాగితం స్వప్నార్థ నిర్ణయ సంఘం ముందుకు వెళ్ళింది. సంఘానికి అధ్యక్షుడు పెద్దసారు తోడల్లుడు. ఆయనకి మరే పనిలోనూ అనుభవం లేకపోవడం వల్ల ఆ పదవికి పోటీ లేకుండా ఎన్నికయ్యాడు. సంఘం రెండుసార్లు టీ తాగి తీర్పు చెప్పింది. నీరంటే ఐశ్వర్యం. కూలడమంటే దిగిరావడం. ఐశ్వర్యం దిగివచ్చి విద్య మీద పడుతుందన్నమాట. ఇంత మంచి కల శాఖ చరిత్రలోనే రాలేదు. దాన్ని ఆలస్యం చేయకుండా వినియోగించుకోవాలి.

వినియోగం ఈ విధంగా నిర్ణయమైంది. గురువారం సాయంత్రం నుంచి ట్యాంకును అంచుదాకా నింపాలి. శుక్రవారం పదింటికి దాని నీడలో సభ. వేదిక మీద పెద్దసారు, ఎదురుగా బడి పిల్లలు. కల కన్న ఓవర్సీరుకి శాలువా.

ఉత్తర్వు చదివిన టేపుగారు పరుగున పెద్దసారు గదికి వెళ్ళాడు.

"సార్, ట్యాంకు నింపొద్దు సార్. మూడో కాలు ఆగదు. నేను కొలిచాను."

"నీలో ఉన్న లోపం అదేనయ్యా," అన్నారు పెద్దసారు జాలిగా. "అంత గొప్ప కల కనీ ఇంకా కొలతలు పట్టుకుని వేళ్ళాడుతున్నావు. కొలత కంటికి కనబడేది చెబుతుంది. కల కనబడనిది చెబుతుంది. ఏది గొప్ప?"

"పగులు కంటికి కనబడుతోంది సార్!"

"అయితే నివేదిక పంపు."

"పదకొండు పంపాను సార్."

"పన్నెండోది పంపు. పరిశీలిస్తాం."

సాయంత్రం ఇంటికొచ్చి టేపుగారు చెప్పులు విప్పకుండానే వంటింటి గడపలో కూలబడ్డాడు. భార్య పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతోంది. జరిగిందంతా విని ఎర్రకలం కింద పెట్టింది.

"పిల్లల మీద పడుతుందని రాస్తే ఆయనకేం పడుతుందండీ? ఆయన మీద పడుతుందని రాయండి."

"ఒక్కసారి అబద్ధం రాసినందుకే ఇంత చుట్టుకుంది. మళ్ళీనా?"

"ఊరందరూ ఆయన్ని ఏనుగెక్కించారు. మీరు ఓ ట్యాంకు కింద కూర్చోబెట్టలేరా?"

"ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క అంగుళం తప్పు రాయలేదే నేను."

"ఇప్పుడూ రాయకండి. అంగుళాలన్నీ నిజమే రాయండి. కలొచ్చిందన్న ముక్క ఒక్కటే అబద్ధం. నలభై ముగ్గురికి ఒక్క ముక్క. మీకు ఎక్కువనిపిస్తే చెప్పండి, నేనే రాస్తాను."

టేపుగారు చెప్పులు విప్పి, నమూనా కాగితం అడిగాడు.

గురువారం ఆఫీసు తలుపులు తీసేసరికి కల సిద్ధంగా ఉంది. మూడో కాలికి పడమరగా నాలుగు మీటర్ల దూరంలో వేదిక. వేదిక మధ్య పెద్దకుర్చీ. కుర్చీలో పెద్దసారు లేరు, పెద్దసారు ఫొటో ఉంది. ఫొటోకి దండ ఉంది. తోడల్లుడుగారు కళ్ళు తుడుచుకుంటూ సంచాలకుల పదవి బాధ్యతలు స్వీకరిస్తున్నారు.

తపాలా గుమాస్తా అది చదివి, ముద్ర కూడా వేయకుండా చేత్తో పట్టుకుని లోపలికి పరిగెత్తింది.

ఆ తర్వాత శాఖ చూపిన చురుకుదనం చరిత్రలో నిలిచిపోదగ్గది. పది నిమిషాల్లో సభ రద్దయింది. అరగంటలో బడికి సెలవిచ్చారు. మధ్యాహ్నానికి వాల్వులన్నీ తెరిచి ట్యాంకు ఖాళీ చేశారు. శుక్రవారం తెల్లారేసరికి కూల్చే యంత్రం వచ్చి నిలబడింది. మూడేళ్ళు పరిశీలించినదాన్ని ఒక్క పూటలో పరిశీలించారు. స్వప్నార్థ నిర్ణయ సంఘాన్ని కూడా అదే పూట పునర్వ్యవస్థీకరించారు. తోడల్లుడుగారి పేరు అందులో లేదు.

యంత్రం మూడో కాలికి ఇనుపతాడు కట్టి ఇంకా సరిగ్గా లాగనైనా లేదు. కాలు మధ్యకి విరిగింది. ఖాళీ ట్యాంకు బద్దలైన కుండలా ఆటస్థలం మీద కూర్చుంది. సభ రద్దయిన కబురు అందక కుర్చీలవాడు పొద్దున్నే వచ్చి వరసగా వేసిపోయిన చిన్నకుర్చీలన్నీ దాని కింద అప్పడాలయ్యాయి. దుమ్ము సర్దుకున్నాక రెండో తరగతి టీచరు గేటు దగ్గర నిలబడి, వేళ్ళమీద పిల్లల పేర్లు లెక్కపెట్టుకుంది. అందరూ ఇళ్ళల్లో ఉన్నారని తెలిసి కూడా, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టుకుంది. టేపుగారు ఆవిడ పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు.

పెద్దసారు మాత్రం మాట్లాడారు. విలేకరుల ముందు గంటసేపు మాట్లాడారు. తన దూరదృష్టి వల్ల ఒక ఘోరప్రమాదం తప్పిందనీ, కలలే లేకపోతే ఆ పగులును కనిపెట్టే మార్గం మానవమాత్రులకు లేదనీ సెలవిచ్చారు. పదకొండు నివేదికల సంగతి ఒక కుర్ర విలేకరి అడిగితే, అవి పరిశీలనలో ఉన్నాయన్నారు.

ఊరు ఊరంతా హర్షించింది. తమకూ కలలు సమర్పించే హక్కు కావాలని పౌరులు ఊరేగింపు తీశారు. కూలిన ట్యాంకు బదులు కొత్తది ఎప్పుడు కడతారని అడగడానికి ఆ హడావిడిలో ఎవరికీ తీరిక దొరకలేదు. పెద్దసారు ఉదారంగా స్పందించి వార్డుకో స్వప్న స్వీకరణ కేంద్రం తెరిచారు. టేపుగారిని నిచ్చెనల పని నుంచి తప్పించి, మొదటి కేంద్రంలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆయన చేయవలసింది కలను వినడం, రాయడం, ముద్ర వేయడం. కుళాయిలో నీళ్ళు వచ్చినట్టు ఎవరికైనా కల వస్తే, ఆ ఇంటికి నీరు అందినట్టు నమోదు చేయాలి. ఈ పద్ధతిలో నెల తిరిగేసరికి ఊళ్ళో నీటి ఎద్దడి పూర్తిగా తొలగిపోయింది.

ఒకరోజు వరసలో ఒక ముసలావిడ వంతు వచ్చింది. చేతిలో ఖాళీ బిందె.

"కల చెప్పమ్మా," అన్నాడు టేపుగారు.

"కలేం లేదు నాయనా. నీళ్ళే లేవు. పన్నెండు రోజులైంది."

వరస వెనకనుంచి కేకలు మొదలయ్యాయి. "అవ్వా, ఇక్కడ కలలే తీసుకుంటారు! లైను ఆపకు!" ఒకడు మరీ జాలిపడి, "నీళ్ళొచ్చినట్టు కలొచ్చిందని చెప్పెయ్యి మామ్మా, నీ పేరు పక్కన అందినట్టు రాసేస్తారు," అని సలహా ఇచ్చాడు.

"రాసుకుంటే దాహం తీరుతుందా బాబూ?" అంది ముసలావిడ. ఆ ప్రశ్నకు వరసంతా విరగబడి నవ్వింది.

టేపుగారు కలం మూత పెట్టాడు. ముద్ర పక్కకి నెట్టి లేచాడు.

"నీ కుళాయి ఎక్కడుందో చూపించమ్మా, పద," అని బిందె అందుకుని ఆవిడ వెంట బయటికి నడిచాడు.

వరసలో ఉన్న వందమందిలో ఒక్కరూ వాళ్ళ వెనక వెళ్ళలేదు. అందరి కుళాయిలూ ఎండిపోయే ఉన్నాయి, అయినా ఎవరి వంతు వాళ్ళకి ముఖ్యం కదా. కాసేపు ఖాళీ కుర్చీ వైపు గుర్రుగా చూశారు. ఇది బాధ్యతారాహిత్యమన్నారు. చివరికి వరసలో మొట్టమొదట ఉన్న పెద్దమనిషి వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుని, కలం మూత తీసి, కళ్ళజోడు సవరించుకుని, "ఊఁ, తర్వాతి కల ఎవరిది?" అన్నాడు.

వరస ఒక అడుగు ముందుకు జరిగింది.