బోడిగుట్ట మీద నలభై రెండు గ్రంథాలయాలు

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే మామూలు పెద్దది కాదు, ఆఫీసులు కూడా పట్టేంత పెద్ద అడవిలో, నలభై రెండు గ్రంథాలయాలుండేవి. ఏ వాగుకి ఆ వాగు, ఏ కోనకి ఆ కోన. జంతువులకి గ్రంథాలయాలెందుకని నన్నడక్కండి. మనుషులకెందుకో ముందు మీరు చెప్పండి, తర్వాత నేను చెబుతాను.

అందులో నేరేడుమడుగు గ్రంథాలయాన్ని సింగారమ్మ అనే ముళ్లపంది చూసుకునేది. మడుగు ఒడ్డున చిన్న రాతిగుహ, లోపల తాటాకు కట్టలు, బెరడు పుస్తకాలు. వాటిలో అందరికీ కావాల్సింది మాత్రం ఒక్కటే, కరువు పుస్తకం. ఏ ఏడు ఏ వాగు ఎప్పుడు ఎండింది, ఏ చెలమలో నీళ్లు ఎన్నాళ్లు ఊరాయి, అన్నీ సింగారమ్మ అమ్మమ్మ కాలం నుంచి అందులో రాసి ఉన్నాయి. ఎండలు ముదరగానే దుప్పులు, పందులు, కుందేళ్లు వచ్చి గుహ ముందు వరసగా కూర్చునేవి.

"సింగారమ్మక్కా, కడుపుతో ఉన్నదాన్ని. ఎక్కువ దూరం తిరగలేను. ఈ నెల ఎటు పొమ్మంటావు?" అనేది ఒక దుప్పి.

సింగారమ్మ పుస్తకం తిరగేసి, "పడమటి చెలమకి వెళ్లు తల్లీ. పున్నమి దాటితే మాత్రం అక్కడుండకు" అని చెప్పేది. ఆవిడ చెప్పిందంటే అక్కడ నీళ్లున్నట్టే.

ఇలా ఎవరి పని వాళ్లు చేసుకుంటుండగా మాఘమాసంలో ఒక సర్క్యులర్ వచ్చింది. కింద సంతకం గ్రంథాలయ శాఖ డైరెక్టరు పరాంకుశం గారిది. ఆయన నక్క. "గ్రంథపాలకులందరూ డిజిటల్ మ్యాపుల తయారీ మరియు భౌగోళిక సమాచారముపై అయిదు రోజుల ఆన్‌లైన్ శిక్షణ పొందవలెను. శిక్షణ పూర్తిచేయనివారి గ్రంథాలయము మూసివేయబడును."

మొదటి వాక్యం సింగారమ్మకి అర్థం కాలేదు. రెండోది బాగా అర్థమైంది. 'ఈ గుహ మూతపడితే ఎండాకాలం వీళ్లంతా ఎవర్నడుగుతారు? దాహంతో చస్తారు కదరా నాయనా' అనుకుని, మర్నాడే శాఖవారిచ్చిన ఫోన్ మెడలో కట్టుకుని బయల్దేరింది.

ఎక్కడికంటారా? బోడిగుట్టకి. అడవి మొత్తం మీద సిగ్నల్ వచ్చేది ఆ గుట్ట మీదే. చెట్టు లేదు, నీడ లేదు, నీటిబొట్టు లేదు. సిగ్నల్ ఒక్కటే ఉంది. నలభై రెండు మంది గ్రంథపాలకులూ ఆయాసపడుతూ ఎక్కి, రాళ్ల మీద తలా ఒక చోట చతికిలబడ్డారు. పక్కపక్కనే కూర్చుని, ఒకరి మొహం ఒకరు ఫోన్లో చూసుకోవడం మొదలుపెట్టారు.

శిక్షణ ఇచ్చేది ఒక రామచిలక. అడవుల మ్యాపుల్లో మహా నిపుణురాలట. పుట్టి బుద్ధెరిగాక అడవి మొహం చూడలేదు, పట్నంలో జూలో ఉంటుంది. పంజరంలోంచే పాఠం.

"నా మాట అందరికీ వినబడుతోందా?" అంది చిలక. మొదటి రోజు దాంతో గడిచిపోయింది. రెండో రోజు అక్షాంశాలు, మూడో రోజు రేఖాంశాలు. సింగారమ్మ పక్కన కూర్చున్న ఉడుము వీరాస్వామి అక్షాంశాల దగ్గర గుర్రు పెట్టి, రేఖాంశాలు అయ్యాక లేచాడు. అయినా హాజరు పడింది, మొహం తెరమీదే ఉంది కదా.

నాలుగో రోజు అసలు పని చెప్పింది చిలక. "మ్యాపులో 'నేనున్న చోటు' అని ఒక బటన్ ఉంది. నొక్కితే ఫోన్ ఎక్కడుంటే అక్కడ చుక్క పడుతుంది. మీ గ్రంథాలయం గుమ్మంలో నిలబడి ఒకసారి, దగ్గర్లో నీళ్లున్న చోట నిలబడి ఒకసారి నొక్కండి. రేపు సాయంత్రం అయిదులోపు రెండు చుక్కలూ పడాలి. క్లాసు మధ్యలో లైన్లోంచి ఎవరూ పోకూడదు, పోతే హాజరు పోతుంది."

సింగారమ్మ ముళ్లు నిక్కబొడుచుకున్నాయి. "అమ్మాయ్, మా గుమ్మం దగ్గర సిగ్నల్ లేదు. సిగ్నల్ ఉన్న చోట మా గుమ్మం లేదు. ఎక్కడ నిలబడి నొక్కను?"

"మేడం, మీరు మ్యూట్‌లో ఉన్నారు."

వీరాస్వామి సాయం పట్టి ఆ మ్యూటేదో తీసేశాక మళ్లీ అడిగింది.

"చాలా మంచి ప్రశ్న" అంది చిలక. "ప్రశ్నలకి చివరి రోజు చివరి పది నిమిషాలు కేటాయించాం."

చివరి రోజు చివరి పది నిమిషాలూ గ్రూప్ ఫొటోకి సరిపోయాయి.

చేసేదిలేక సింగారమ్మ నేరుగా పరాంకుశం గారి ఆఫీసు ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చేసింది. ఇక్కడ ఆయన సంగతి కాస్త చెప్పాలి. ఆయనకి మ్యాపుల మీద ప్రేమా లేదు, పుస్తకాల మీద అంతకన్నా లేదు. మనసంతా శాలువా మీదే. ఏటా ఉగాదికి సింహం దొరవారు నూరు శాతం పని చేసిన శాఖాధిపతికి శాలువా కప్పుతారు. పోయినేడు దాన్ని నీటిపారుదల శాఖ అడవిదున్న ఎగరేసుకుపోయింది. అప్పట్నుంచీ పరాంకుశం గారికి కడుపుమంట.

"అయ్యా, ఈ గుట్ట మీద నొక్కితే చుక్క గుట్ట మీదే పడుతుంది" అంది సింగారమ్మ.

"ఎంతమంది నొక్కారు?"

"ఎవరూ నొక్కలేదండీ, అందరిదీ ఇదే బాధ."

"ఇంకా నొక్కలేదా! టైము నాలుగైంది! సింగారమ్మగారూ, మీకు పుణ్యముంటుంది, నొక్కండి. అందర్నీ నొక్కమనండి. తప్పులుంటే తర్వాత తీరిగ్గా చూసుకుందాం. ఒక్క చుక్క తగ్గినా నూరు శాతం పోతుంది, మీ గ్రంథాలయమూ పోతుంది."

చివరి మాటకి సింగారమ్మ కళ్లు మూసుకుని నొక్కేసింది. అందరూ నొక్కారు. నలభై రెండు గ్రంథాలయాలు, నలభై రెండు మడుగులు, మొత్తం బోడిగుట్ట మీదకి చేరిపోయాయి. అయిదు గంటలకల్లా సర్టిఫికెట్లు వచ్చాయి. 'అమ్మయ్య, గండం గడిచింది' అనుకుంటూ సింగారమ్మ ఇంటిదారి పట్టింది. పాపం, పిచ్చితల్లి!

ఉగాది నాడు దొరవారు సకల జంతువుల ఎదుట మ్యాపు మీది తెర లాగారు. పరాంకుశం గారికి శాలువా కప్పారు. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లలో దొరవారు మ్యాపు వైపు ఒంగి చూశారు.

"ఏమయ్యా పరాంకుశం, నలభై రెండు గ్రంథాలయాలూ ఒకే గుట్ట మీద కట్టారేం?"

మ్యాపు తప్పంటే భుజం మీది శాలువా జారిపోతుంది. రెండు చేతులతో దాన్ని గట్టిగా పట్టుకుని అంది నక్క, "పాతకాలం దుబారా ప్రభూ! ఇన్నాళ్లూ ఎవరి కంటా పడలేదు. ఇప్పుడీ మ్యాపు పుణ్యమా అని బయటపడింది. నలభై రెండింటినీ కలిపి అక్కడే ఒక్కటి ఉంచుదాం. మిగతా నలభై ఒకటీ దండగ."

"శభాష్! మ్యాపంటే ఇదీ" అన్నారు దొరవారు.

వారం తిరక్కుండా అందరికీ నోటీసులు వెళ్లాయి. సింగారమ్మ నోటీసు పట్టుకుని పరుగున ఆఫీసుకి వెళ్లింది.

"మూయకుండా ఉంటానికే కదయ్యా నేను ఆ గుట్టెక్కింది! నా గ్రంథాలయం మడుగు ఒడ్డున ఉందని మీకు తెలీదా? పోయినేడు తనిఖీకొచ్చి నేరేడుపళ్లు తిన్నారే!"

"తిన్నానమ్మా, కాదనను. బాగున్నాయి కూడా. కానీ మ్యాపులో లేదే."

"అయితే మ్యాపు దిద్దండి."

"ఎవరు దిద్దుతారు? దానికి రెండో స్థాయి శిక్షణ ఉండాలి. అదింకా ఎవరికీ ఇవ్వలేదు."

సింగారమ్మకి ఏడుపాగలేదు. "ఎండలు మండుతున్నాయి. చూలుతో ఉన్నవి, ముసలివి నన్ను నమ్ముకున్నాయి. ఈ ఒక్క వేసవీ తెరిచి ఉంచండి, కాళ్లు పట్టుకుంటాను" అంది. నక్క కాళ్లు వెనక్కి లాక్కుంది. దయతో కాదు, ముళ్లకి భయపడి.

వైశాఖంలో దొరవారు తమ ఒక్కగానొక్క గ్రంథాలయాన్ని ప్రారంభించడానికి బోడిగుట్టకి బయల్దేరారు. పరివారం నీళ్లకుండలు సర్దబోతే కార్యదర్శి ఏనుగు వద్దంది. "అక్కడ నలభై రెండు మడుగులున్నాయి, మోతెందుకు?" అని మ్యాపు చూపించింది. మ్యాపు తప్పని చెప్పలేక పరాంకుశం గారు తలూపారు.

మిట్టమధ్యాహ్నానికి గుట్టెక్కారు. గ్రంథాలయం లేదు, మడుగూ లేదు. కాలు పెడితే కాలుతున్న రాళ్లు, వాటి మధ్య అర్జీ పట్టుకుని నిలబడ్డ సింగారమ్మ. దొరవారికి నాలుక పిడచకట్టుకుపోయింది. గర్జించబోతే దగ్గొచ్చింది.

"నీళ్లెక్కడయ్యా?" అన్నారు.

"ఇక్కడే ప్రభూ, తమరు నిలబడిన చోటే పదహారో మడుగు" అంది నక్క ఫోన్లో చూస్తూ.

దొరవారు కాళ్ల కిందికి చూసుకున్నారు. ఏనుగు కళ్లు తేలేసింది. ఎంత కోపమున్నా దాహంతో ఉన్నవాళ్లని చూస్తే సింగారమ్మకి మనసాగదు. "దొరా, నా వెంట రండి" అని ముందు నడిచింది. దిగువకి దిగి, కోనలోంచి చుట్టుతిరిగి, మొత్తం పరివారాన్ని నేరేడుమడుగు చేర్చింది. దొరవారు మూతి ముంచి కడుపారా తాగారు. నక్క అయితే మెడదాకా మునిగింది.

ఊపిరి పీల్చుకున్నాక దొరవారడిగారు. "ఇంత చల్లటి నీళ్లు! ఏ మడుగమ్మా ఇది?"

"నేరేడుమడుగు దొరా. ఆ గుహే నా గ్రంథాలయం. దీన్ని మూసేయమని నోటీసిచ్చారు. దయచేసి తెరిచి ఉంచండి."

దొరవారు నక్క వైపు చూశారు. నక్క తడి చేతులతో ఒడ్డున పెట్టిన ఫోన్ తీసింది. "మ్యాపు ప్రకారం ఇక్కడ మడుగు లేదు ప్రభూ. గ్రంథాలయమూ లేదు" అంది. మీసాల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.

దొరవారు మడుగు వంక చూశారు, మ్యాపు వంక చూశారు. తాము స్వయంగా తెర లాగిన మ్యాపు. పొరుగు అడవులకి కాపీలు కూడా వెళ్లిపోయాయి. "చూడమ్మా" అన్నారు ఇబ్బందిగా. "తెరిచి ఉంచడానికి ఇక్కడసలు ఏమీ లేదట. లేనిదాన్ని ఎలా తెరిచి ఉంచమంటావు?"

సింగారమ్మ నోటీసు తీసి దొరవారి ముందు పెట్టింది.

"అయితే లేనిదాన్ని మూయడం కూడా కుదరదుగా, దొరా?"

ఏనుగు నిబంధనల పుస్తకం ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి తిరగేసింది. మూయాలంటే ముందు అది ఉండాలనే రాసి ఉంది. దొరవారు నోటీసు రద్దుచేసి హాయిగా నిట్టూర్చారు. మ్యాపు పరువూ నిలబడింది, నీళ్లూ దొరికాయి.

"మరి గుట్ట మీది గ్రంథాలయం బాధ్యత నీదే పరాంకుశం. ఇవాళ్టి నుంచి నీ ఆఫీసక్కడే."

"ప్రభూ, అక్కడేమీ లేదు!" అని నోరు జారింది నక్క.

"లేదా? అంటే నా మ్యాపు తప్పా?"

"అబ్బెబ్బే, ఉంది ప్రభూ, ఉంది!"

"ఉంటే వెళ్లి కూర్చో."

పరాంకుశం గారు వెళ్లి కూర్చున్నారు. ఎండకి తలమీద శాలువా కప్పుకుంటున్నారు, కనీసం అలా పనికొచ్చింది. లేని గ్రంథాలయానికి రోజూ హాజరు వేసి, లేని పాఠకుల జాబితా పైకి పంపుతున్నారు.

మిగతా నలభై ఒక్కరూ అదే లెక్కన నోటీసులు చింపేసి, గుహలు తెరుచుకున్నారు. వాళ్ల దగ్గరికి ఇప్పుడు తనిఖీ రాదు, సర్క్యులర్ రాదు, శిక్షణ రాదు. ఆ సుఖం చూసి మిగతా అడవికి కన్నుకుట్టింది. అడవిపందులు, కొండముచ్చులు, ఉడతలు అందరూ పరాంకుశం గారి దగ్గరికి వరస కట్టారు. "బాబ్బాబు, మా ఇల్లు కూడా ఈ గుట్ట మీదే వేసుకోండి" అని బటన్ నొక్కి దిగిపోయారు. ఇప్పుడు మ్యాపు ప్రకారం అడవి మొత్తం బోడిగుట్ట మీదే ఉంది. అక్కడ నిజంగా కాపురముంటున్నది మాత్రం పరాంకుశం గారొక్కరే.

నీతి: దారి తెలియాలంటే మ్యాపులో చూడాలి, ప్రశాంతంగా బతకాలంటే మ్యాపులో కనబడకూడదు.