మా ఇంటి తెరకు కళ్లున్నాయి

అయ్యలారా, అమ్మలారా! ఇంటింటికీ ఒక కెమెరా తెర ఉండి తీరాలి. పూట భోజనం లేకపోయినా సర్దుకోవచ్చు గానీ, తెర లేని బతుకూ ఒక బతుకేనా?

మీరు చూసి ఉండకపోతే చెబుతాను. చాపలా చుట్టి చంకలో పెట్టుకుని పోవచ్చు. విప్పి గోడకు తగిలిస్తే బొమ్మ పడుతుంది. దాని నెత్తిన ఉన్న చిన్న కెమెరా, ఆ బొమ్మ చూసేవాళ్లను వీడియో తీస్తుంది. టీవీని మనం చూస్తాం, సరే. మనల్ని చూసే టీవీ ఎవరింట్లో ఉంది? మట్టెవాడలో మా ఇంట్లో ఉంది!

ఎందుకు కొన్నానంటారా? మా వర్తక సంఘం వాళ్లు నాకు శాలువా కప్పారు. ఆ వీడియో నలభై నిమిషాలు. అందులో ముప్పైతొమ్మిది నా ప్రసంగమే! అంతటి ఘట్టాన్ని అరచేతిలో ఫోన్‌లో చూపిస్తే ఏం మర్యాద? పైగా చూసినవాళ్లు ఎంత మురిసిపోయారో నాకు రుజువు ఉండొద్దూ?

ఆదివారం చుట్టాలందరినీ పిలిచాను. తెర విప్పుతుంటే మా ఆవిడ ప్రేమలత వచ్చింది.

"ఇగో, మోకాలు మస్తు గుంజుతాంది. జర దవాఖానకు పోదామా?"

"ఆగవే, ఫోకస్ పోతది!" అన్నాను.

షో అయింది. అందరూ "మస్తున్నది" అంటూ బజ్జీలు తిని వెళ్లారు. సోమవారం పొద్దున చాయ్ తాగుతూ, తెర తీసిన వీడియో పెట్టుకున్నాను. చూడాలి నా వైభవం! బామ్మర్ది రాంప్రసాద్ నోరు తెరిచి నిద్ర. అతని భార్య వినోద ఫోన్‌లో చీరలు చూస్తోంది. ఈ గురక ఎవరిదా అని సౌండ్ పెంచితే, నాదే! నా ప్రసంగానికి నేనే పడిపోయాను.

మెలకువగా ఉన్నది ఒక్క ప్రేమలతే. ఆమె కూడా తెర వైపు చూడటం లేదు. బజ్జీల పళ్లెం ఒక చేత, గోడ ఇంకో చేత పట్టుకుని, వంటింటికీ హాలుకూ మధ్య పదకొండుసార్లు కుంటుకుంటూ తిరిగింది. రోజూ ఇదే ఇంట్లో, నా కళ్లముందే ఇలా నడుస్తోందన్నమాట! నిజంగా సిగ్గేసింది.

వెంటనే ఆటో పిలిచి హనుమకొండ తీసుకెళ్లాను. చూశారా తెర మహిమ! డాక్టరమ్మ కంప్యూటర్‌లో ఎక్స్‌రే చూసి, నావైపు తిరిగింది.

"మేడం ఎప్పటిసంది ఇట్ల కుంటుతున్నరు సార్?"

ప్రేమలత కూడా నా మొహంలోకే చూస్తోంది, ఏం చెబుతానో విందామని.

"నా దగ్గర నలభై నిమిషాల రికార్డింగే ఉన్నదమ్మా" అన్నాను.