నాలుగు ఆప్షన్ల గొంతు

కాలేజీలో మొదటి వ్యాసరూప పరీక్షకు కూర్చున్న రోజే నీలవేణి గొంతూ చేతిరాతా రెండూ పోయాయి. ఇందులో కంగారు పడాల్సిందేమీ లేదు. ఇంటర్ రెండేళ్లూ బిట్ పేపర్లే రాసి ఇంజనీరింగ్‌లో చేరినవాళ్లలో సెక్షన్‌కు పది పన్నెండు మందికి అలాగే పోతాయి. నాలుగు ఆప్షన్లు ఇస్తే గొంతు వెంటనే వస్తుంది. అందుకే వాళ్ల గుర్తింపు కార్డు మీద ‘ఆప్షన్లు అవసరం’ అని నీలిరంగు ముద్ర వేస్తారు.

మెస్‌లో వంటాయన, "ఇడ్లీయా, ఉప్మానా, రెండూనా, ఏదీ వద్దా?" అని అడుగుతాడు. ‘ఏంటే సంగతులు?’ అన్న ప్రశ్నకు ఆప్షన్లు తయారుచేసే ఓపిక మాత్రం ఎవరికుంటుంది? రూమ్మేట్లు ఒక వారం చూసి మానేశారు. ఫోన్లో ఆమె పలకకపోతే తండ్రి గుర్నాథం సిగ్నల్ లేదనుకున్నాడు. నలభై రోజులుగా నీలవేణి టిఫిన్ గురించి తప్ప మాట్లాడలేదు. ఆమెకు ఇంటికి వెళ్లిపోవాలని ఉంది. ఆ ఒక్క మాట ఎవరైనా ఆప్షన్లలో పెడితే చాలు.

శనివారం ఆ అవకాశం వచ్చింది. ఐదు సబ్జెక్టులకూ తెల్లకాగితాలే ఇచ్చిందని కాలేజీవాళ్లు గుర్నాథాన్ని పిలిపించారు. చదువు సంగతి విద్యార్థే స్వయంగా చెప్పాలని నిబంధన.

"ఏమైందమ్మా?" అన్నాడు గుర్నాథం.

నీలవేణి నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

"అట్టా అడిగితే రాదండీ. ఫారం చదవాల," అన్నాడు గుమాస్తా సుభానీ.

"నా కూతుర్ని నేనడగటానికి ఫారమేందయ్యా?"

"మీరు వ్యాసాలు రాసినోళ్లండీ, మీకు తెలవదు."

విద్యార్థి తప్పు చేసే వీలు లేకుండా ఆప్షన్లన్నీ పరీక్షల విభాగమే తయారుచేసింది. సుభానీ చదివాడు: "ఏ, చదువుతాను. బి, బాగా చదువుతాను. సి, ఇంకా బాగా చదువుతాను. డి, పైవన్నీ."

కోచింగ్‌లో నేర్పినట్టే నీలవేణి తప్పు జవాబులను ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వెళ్లింది. నాలుగూ పోయాయి. అలాంటప్పుడు ఏం చేయాలో కూడా కోచింగ్‌లో నేర్పారు. నెగెటివ్ మార్కులు లేకపోతే ఖాళీ వదలకూడదు.

"డి," అంది. గొంతు ఖంగుమంది.

గుర్నాథం కళ్లు తుడుచుకున్నాడు. "చూశావా, మా పిల్ల ఎంత గట్టిగా చెప్పిందో!"

వెళ్తూ వెళ్తూ ఫారం కాపీ ఒకటి అడిగి తీసుకున్నాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోన్ చేసి ఆ ఫారమే చదువుతాడు. నీలవేణి వెంటనే జవాబు చెబుతుంది. తండ్రీకూతుళ్లు మళ్లీ చక్కగా మాట్లాడుకుంటున్నారని ఇంట్లో అందరికీ సంతోషం.