పేదరికానికి తగిన చొక్కా

ఒక దర్జీ కడుపులోని అపెండిక్సును విజయవంతంగా తొలగించిన ఆసుపత్రి, తదుపరి చికిత్సగా అతని ఇంట్లోని కుట్టుమిషనును కూడా తొలగించ నిశ్చయించినట్టు ఇందుమూలంగా తెలియజేయడమైనది. మొదటిదానికి మత్తు ఇచ్చారు. రెండోదానికి నోటీసు ఇచ్చారు.

బిల్లు చూసిన దర్జీకి బాధ కన్నా ముందు వృత్తిపరమైన అసూయ పుట్టింది. "ఏడు కుట్లకు ఇంత కూలా! అదీ వంకర కుట్లు. నేనిలా కుడితే బట్ట నా మొహాన కొట్టి పోరూ?" అన్నాడు భార్యతో.

"కుట్ల సంగతి సరే. మిషను పోతే తినేదేంటి, దారమా?" అంది ఆవిడ.

గడువు నెలాఖరు. వసూళ్ల గుమాస్తా రోజుకు మూడు పూటలా, మాత్ర వేసుకున్నంత క్రమంగా ఫోను చేసేవాడు. మర్యాదస్థుడు, ముందు కుశలం అడిగి, తర్వాత కుదేలు చేసేవాడు. చివరికి అతనే జాలిపడి, "మా ఆసుపత్రిలోనే నిరుపేదల రాయితీ సంఘం ఉంది కదండీ. బుధవారం వచ్చి కనపడండి, సగానికి సగం కొట్టేస్తారు," అని ఉపాయం చెప్పాడు.

దర్జీ కనపడ్డాడు. అదే వచ్చిన చిక్కు. పెద్దమనుషుల ముందుకు వెళ్తున్నాను కదా అని, మిగిలిన ముక్కలు జోడించి తానే కుట్టుకున్న చొక్కాను ఇస్త్రీ చేసి మరీ వేసుకెళ్లాడు. కాలరు కత్తిలా నిలబడింది. సంఘం అధ్యక్షుడు ఆదాయపత్రం వైపు కన్నెత్తి చూడలేదు. "పేదరికం పత్రంలో కాదు నాయనా, ఆకారంలో కనపడాలి. ఈ చొక్కాతో నువ్వు పేదవాడివంటే అసలు పేదలు నొచ్చుకుంటారు!" అని ఉపన్యసించి, మరో బుధవారం ప్రసాదించాడు.

ఈసారి భార్య ఒక పాత చొక్కా వెతికి, మోచేతి దగ్గర బెత్తెడు చించి తొడిగింది. ఆసుపత్రి వరండాలో వంతు కోసం రెండు గంటలు కూర్చోవలసి వచ్చింది. జేబులో సూది ఉంది. చేతులు ఊరుకుంటాయా? పిలుపు వచ్చేసరికి చిరుగు ఎక్కడుందో చిరుక్కే తెలియనంత నాజూగ్గా రఫూ అయిపోయింది. సంఘం మళ్లీ తిరస్కరించింది. అధ్యక్షుడు మాత్రం తన కోటు మోచెయ్యి చాపి, "దీన్నీ కాస్త చూడవోయ్," అన్నాడు. ఉచితంగానే.

"చింపి పంపితే కుట్టుకొస్తారా! మీ పనితనం బంగారంగానూ, కొంప ముంచారు కదండీ!" అని భార్య తల పట్టుకుంది.

అయితే ఆ పనితనాన్ని వరండాలో పక్కనే కూర్చున్న మూడంతస్తుల మేడ యజమాని గమనించాడు. మర్నాడే ఖరీదైన చొక్కా ఒకటి పట్టుకొచ్చి, "అతికేవాడివి, చింపలేవా? చూస్తే జాలి పుట్టాలి. లోపలికి చలి మాత్రం తగలకూడదు," అన్నాడు. దర్జీ చింపాడు. చిరుగు పెరగకుండా దాని అంచును లోపలివైపుకు మడిచి కుట్టాడు. బుధవారం నాడు సంఘం ఆ చొక్కాను చూసి లేచి నిలబడింది. సగం కాదు, మేడ యజమాని బిల్లు మొత్తం కొట్టేసింది. అధ్యక్షుడు కళ్లు కూడా ఒత్తుకున్నాడట.

అటుపై దర్జీ గుమ్మం ముందు కార్లు బారులు తీరాయి. నగల వర్తకుడికి రెండు అతుకులు, పళ్ల డాక్టరుకు ఒక చిరుగు, వాళ్ల బావమరిదికి ఊడిన గుండీలు నాలుగు. నెలాఖరుకు ముందే దర్జీ తన బిల్లును పైసా రాయితీ లేకుండా కట్టేశాడు. మిషను దక్కింది. ఆ నెల ఆసుపత్రికి పూర్తి బిల్లు కట్టినవాడు అతనొక్కడేనని గుమాస్తా ఫోను చేసి మరీ అభినందించాడు.

నవ్వుతారేం? వచ్చే బుధవారానికి మీకూ కావాలంటే కొలతలిచ్చి వెళ్లండి. కూలి మాత్రం ముందే ఇవ్వాలి. చినిగిన చొక్కా వేసుకొచ్చినవాణ్ని ఈమధ్య అతనూ నమ్మడం లేదు.