మూడో భాగం: అలక

ఆ రోజు ప్రోగ్రామరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున గోదాము అప్లికేషన్ ఒప్పందంపై సంతకాలు, సాయంత్రం భార్యతో సముద్రతీరానికి రైలు. పెళ్లయ్యాక ఇదే మొదటి ప్రయాణం. బయట ముసురు పట్టింది. ఆఫీసులో దీపాలు కూడా జ్వరం వచ్చినట్టు వెలుగుతున్నాయి.

గోదాము యజమాని తరఫున వచ్చిన లాయరుకు కంటికి కనిపించనిదాని మీద నమ్మకం లేదు. "ఇందులో ఏమేం భాగాలున్నాయో రాతలో ఉండాల్సిందే" అంటూ తెర మీద కనిపించినవన్నీ నిబంధనల్లోకి ఎక్కించాడు. మొదటి భాగం సరుకు. రెండోది రవాణా. మూడోది అలక.

"అలకేంటయ్యా?" అన్నాడు మేనేజరు.

ప్రోగ్రామరు ముఖం పాలిపోయింది. భార్య కోసం సరదాగా చేసి, తీసేయడం మరిచిపోయిన ముక్క అది. "అలిగావా?" అని అడుగుతుంది. జవాబులు రెండే: "అవును", "ఇంకా అవును". ఏది నొక్కినా అతని ఫోను మోగుతుంది.

"పొరపాటండీ, ఇప్పుడే తీసేస్తాను."

"కుదరదు" అన్నాడు లాయరు. "చూపించింది చూపించినట్టే ఇవ్వాలి. మూడూ కలిస్తేనే అప్లికేషన్. నిజంగా వాడే మనిషి చేత ఒక్కో భాగం నడిపించండి, సంతకం పెడతాను."

"సంతకమయ్యేదాకా నీకు సెలవు లేదు" అన్నాడు మేనేజరు.

అలక భాగాన్ని వాడే మనిషి లోకంలో ఒక్కతే. పెట్టెతో సహా ఆఫీసుకొచ్చింది.

"నిజంగా అలగాలమ్మా. నవ్వుతూ నొక్కితే చెల్లదు" అన్నాడు లాయరు.

ఆమె భర్త వైపు చూసి కిసుక్కుమంది. "ఏం చెయ్యనండీ, ఈయన మొహం చూస్తే నవ్వాగట్లేదు."

మేనేజరు రంగంలోకి దిగాడు. "నీ వంట గురించి మీ ఆయన మా అందరితో ఏమన్నాడో తెలుసామ్మా?"

"తెలుసండీ. నిజమేగా!"

మధ్యాహ్నం గడిచింది. చీకటి పడింది. ప్రోగ్రామరు గడియారం చూసి తల దించుకున్నాడు.

"రైలు వెళ్లిపోయిందోయ్."

ఆమె నవ్వు ఆగిపోయింది. "ఇంకా అవును" నొక్కింది. అతని ఫోను మోగింది.

"భేష్! ఎంత సహజంగా ఉంది!" అంటూ లాయరు సంతకం పెట్టేశాడు. మేనేజరు చప్పట్లు కొట్టాడు. ఆమె కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని వాన చూస్తూ కూర్చుంది.

"రేపటి రైలుకి వెళ్దాం, సరేనా? ఇటు చూడవూ..."

ఆమె కుర్చీని ఇంకాస్త అటు తిప్పుకుంది. ప్రోగ్రామరు గబగబా కంప్యూటరు ముందు కూర్చుని, "తీరింది" అనే మీట చేర్చబోయాడు. లాయరు అతని చెయ్యి పట్టుకున్నాడు.

"సంతకమయ్యాక కొత్త భాగాలు చేర్చకూడదు బాబూ. అలక తీరడం ఒప్పందంలో లేదు."