అండాలమ్మ స్వానుభవం, మా మాటల్లో

పక్షవాతం వచ్చి కోలుకున్న తొలి మహిళగా అండాలమ్మ గారిని సన్మానించాలని మా కాలనీ సంక్షేమ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. తొలి అనడానికి ఆధారాలేమీ లేవు గానీ, సన్మానమన్నాక ఏదో ఒకదాంట్లో తొలి కావాలి కదా. ఎల్‌బీ నగర్‌లో మెట్రో దిగి మీర్‌పేట్ వైపు వచ్చేవాళ్ళందరికీ కనిపించేలా ఫ్లెక్సీ కట్టించాం. అందులో మా అధ్యక్షులు శ్రీరామమూర్తి గారు నిలువెత్తున నమస్కరిస్తున్నారు. చుట్టూ కార్యవర్గం చిరునవ్వులు చిందిస్తోంది. కింద మూలన అండాలమ్మ గారి ఫొటో కూడా ఉంది. తాడు ముడి సరిగ్గా ఆవిడ ముఖం మీద పడింది కాబట్టి కాస్త దగ్గరికెళ్ళి చూడాలి.

అండాలమ్మ గారిది నల్లగొండ వైపు పల్లె. దిల్‌సుఖ్‌నగర్ సందులో జాకెట్లు కుడతారు. జబ్బు చేయకముందు ఆవిడ నోటికి కాలనీ మొత్తం భయపడేది. ఇప్పుడు కుడి చెయ్యి, కుడి కాలు చాలావరకు దారికొచ్చాయి. మాట మాత్రం మనసులోంచి బయల్దేరి నాలుక దాకా వచ్చి ఆగుతుంది. కాస్త ఓపిక పడితే వచ్చేస్తుంది. ఓపిక పట్టే అలవాటు మా కాలనీలో ఇంకా మొదలుకాలేదు.

"నా కత... నేనే... జెప్త" అన్నది ఆవిడ పెట్టిన ఏకైక షరతు. కూతురు రమ్యను ఎదురుగా కూర్చోబెట్టుకుని రోజూ సాధన చేశారు. మాట తడబడితే ఏడ్చేవారు, ఏడుపు ఆపుకుని మళ్ళీ మొదలుపెట్టేవారు. తనకు జరిగింది ఇంకెవరికీ జరగకూడదని చెప్పాలి, అదీ తన నోటితోనే చెప్పాలి, అంతే ఆవిడ కోరిక. మేమూ సంబరపడ్డాం. ఆవిడకు జబ్బు చేసిన రోజు మేం చేసిన సేవ లోకానికి తెలియాల్సిందే.

ఆ రోజు పొద్దున్నే ఆవిడ చేతిలోంచి కత్తెర జారింది. నోరు ఒక పక్కకు లాగింది. మరిది మహిపాల్ పరుగున వచ్చి, "గ్యాస్ వట్టిందొదినె, గంతే" అని సోడా పట్టాడు. అది నోటి పక్కనుంచి కారిపోతే, సోడాలో గ్యాస్ చాల్లేదని ఇంకో సోడా తెచ్చాడు. ఒకరు బీపీ పడిపోయిందని ఉప్పు నాకించమన్నారు, ఇంకొకరు బీపీ పెరిగిందని ఉప్పు కడిగేయమన్నారు. ఇద్దరి గౌరవమూ కాపాడాం. ఈలోగా శ్రీరామమూర్తి గారు పంచాంగంతో విచ్చేశారు. "దుర్ముహూర్తంలో గడప దాటించకూడదండీ. కాసేపు ఆగితే కొంపలేం మునిగిపోవు" అని గడపకు అడ్డంగా కుర్చీ వేసుకున్నారు.

చివరికి రమ్య అందరినీ తోసుకుని తల్లిని షేర్ ఆటో ఎక్కించింది. షేర్ ఆటో అన్నాక నిండాలి. డ్రైవర్ మంచివాడు, పేషెంటుకు మూల సీటిచ్చి, కొత్తపేటలో ఆగి ఆగి జనాన్ని ఎక్కించుకున్నాడు. ఎక్కినవాళ్ళూ మంచివాళ్ళే, తలా ఒక వైద్యం చెప్పి ఎవరి స్టాపులో వాళ్ళు దిగిపోయారు. ఇంకాస్త ముందు తెచ్చుంటే మాట ఇంతగా పోయేది కాదని డాక్టరు అన్నారట. డాక్టర్లు అలాగే అంటారు.

సన్మాన సభ బ్రహ్మాండంగా జరిగింది. "ఆవేళ నేను దుర్ముహూర్తం దాటేదాకా ఆపబట్టే కదండీ, ఈ తల్లి ఇవాళ మన మధ్య ఉంది!" అని శ్రీరామమూర్తి గారు గద్గద స్వరంతో అన్నారు. మహిపాల్ మైకు అందుకుని, "సోడా తాగిచ్చింది నేనే. గది కడుపుల వడ్డంకనే మా వదినె కండ్లు తెరిసింది" అని సవినయంగా మనవి చేశాడు. చప్పట్లు ఆగలేదు.

ఆ తర్వాత అండాలమ్మ గారు లేచారు. సభను నడిపించేది మురళీకృష్ణ గారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన కోచింగ్ సెంటర్‌లో ధారాళంగా మాట్లాడటం నేర్పుతారు. ఎవరైనా ఆగితే ఆయన తట్టుకోలేరు.

"గా... దినం..." అన్నారు అండాలమ్మ గారు.

"ఆ దినం మీరంతా లేకపోతే నేను లేను అంటున్నారు అమ్మ!" అన్నారు మురళీకృష్ణ గారు. చప్పట్లు.

"కాదు... సోడా..."

"సోడా ఇచ్చిన మరిదికి జన్మజన్మలకూ రుణపడి ఉంటానంటున్నారు!"

"ఆలస్యం..."

"ఆలస్యమైనా ఈ సన్మానం అమృతమంటున్నారు!"

అండాలమ్మ గారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆనందబాష్పాలని మురళీకృష్ణ గారు వాటికి కూడా అర్థం చెప్పారు. అప్పుడు రమ్య స్టేజీ ఎక్కి, ఆయన చేతిలోని మైకు లాక్కుని, "జర సప్పుడు జెయ్యకుండ్రి! మా అమ్మను మాట్లాడనియ్యుండ్రి!" అని అరిచింది. జనం బిత్తరపోయారు. అండాలమ్మ గారు ఎడమచేత్తో మైకు గట్టిగా పట్టుకుని, ఒక్కో మాటా వెతికి తెచ్చుకున్నారు.

"నోరు... వంకరవోతే... ఎవ్వల మాట... ఇనకుండ్రి. ఎంటనే... దవాఖానకు... తీస్కవోండ్రి."

వెంటనే శ్రీరామమూర్తి గారు లేచి కళ్ళు తుడుచుకుంటూ, "ఎంత గొప్ప సందేశమండీ! దీన్ని అమలు చేయడానికి తక్షణం ఉపసంఘం వేద్దాం" అన్నారు. అక్కడికక్కడే వేసేశాం. ఇకమీదట కాలనీలో ఎవరి నోరు వంకరపోయినా ముందుగా ఉపసంఘానికి తెలపాలి. ఎవరి మాటా వినవద్దని ఉపసంఘం ఆ ఇంటివాళ్ళకు వివరంగా చెబుతుంది. ఆ తర్వాత అధ్యక్షుల ఆమోదంతో దవాఖానకు తీసుకువెళ్ళాలి. ఉపసంఘానికి అధ్యక్షులు కూడా శ్రీరామమూర్తి గారే.

ఉపసంఘం తొలి సమావేశంలోనే దానికి పని దొరికింది. మినిట్స్ చదువుతూ చదువుతూ శ్రీరామమూర్తి గారి నోరు పక్కకు లాగింది. చేతిలో టీ కప్పు ఒళ్ళో పడింది. మేం కంగారు పడలేదు, ఈసారి మాకు పద్ధతి ఉంది. అయితే దవాఖానకు తీసుకెళ్ళడానికి అధ్యక్షుల ఆమోదం కావాలి, అధ్యక్షులకేమో మాట రావడం లేదు. ఇలాంటి చిక్కు వస్తుందని ఎవరూ ఊహించలేదు. అనుభవం ఉన్న మనిషి నాలుగు మాటలు చెబితే ఆయనకు ధైర్యంగా ఉంటుందని అండాలమ్మ గారిని పిలిపించాం.

ఆవిడ కాలీడ్చుకుంటూ వచ్చి, ఆయన్ను చూడగానే తలుపు వైపు చెయ్యి చూపించారు. మేం ఫోన్లు ఎత్తి పట్టుకున్నాం. "దవా... దవాఖానకు! ఎంటనే! తీస్కవోండ్రి!" అని గొంతు చించుకుని అరిచారు. మాట ఎంత స్పష్టంగా వచ్చిందో! మురళీకృష్ణ గారు పరవశించిపోయి, "అద్భుతం! అమ్మా, వెలుతురు సరిగా పడలేదు, ఇంకొక్కసారి" అన్నారు. ఆవిడ మళ్ళీ అరిచారు, ఏడుస్తూ అరిచారు. రెండోది ఇంకా బాగా వచ్చింది.

ఆ వీడియో మీకూ వచ్చే ఉంటుంది. మీరు కళ్ళు తుడుచుకుని, దండం బొమ్మ పెట్టి, తెలిసినవాళ్ళందరికీ పంపారు. ఎంత స్ఫూర్తి, ఎంత పట్టుదల అని రాసిన వాళ్ళలో ఒక్కరైనా, ఆవిడ వెనకాల కుర్చీలో ఒరిగిపోతున్న పెద్దాయన ఎవరని అడగలేదు.